వంతెన తమ్ముడు

నవంబరు 6

అసకుసా కథల హాల్లో మధ్యాహ్నం వంతు. ‘వంతెన తమ్ముడు’ చెప్పాను. గస్తీవాడు వచ్చే చోట జనం పగలబడి నవ్వారు. మూడో వరసలో ఒక పెద్దాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. నలభై ఏళ్ళుగా చెబుతున్నాను, ఆ చోట నవ్వు ఒక్కసారి కూడా తప్పలేదు. కూచోవడానికి ఒక దిండు, చేతిలో ఒక విసనకర్ర, ఒక తువ్వాలు. వీటితో హాలంతా నవ్వించడం అందరివల్లా అయ్యే పనా? షిగురెయా కన్‌పెయ్ అనే నా పేరు చెబితే ఈ కథే గుర్తొస్తుందంటారు. అననీ, నాకేం.

వేదిక దిగి వచ్చేసరికి వెనక గదిలో హినగికు కాచుకుని ఉంది. వేరే గురువు శిష్యురాలు. నలభైకి దగ్గర పడుతోంది, మా లెక్కలో చిన్నపిల్ల. నేలకు నుదురు ఆనించి, “గురువుగారూ, ఆ కథ నాకు నేర్పండి” అంది.

“ఏ కథ?” అన్నాను, తెలిసి కూడా.

“వంతెన తమ్ముడు.”

“ఆడగొంతులో ఆ మొద్దు పలకడమ్మాయ్.”

“పలికిస్తానండీ. పలక్కపోతే మీరే వద్దనండి.”

ఇన్నేళ్ళలో ఆ కథ నన్నెవరూ అడగలేదు. అది నా సొంతం అనుకుని జంకేవాళ్ళు. కానీ అడిగితే ఇవ్వకపోవడం మా వృత్తిలో మర్యాద కాదు. నా గురువు రిన్‌పెయ్‌గారు పరాయివాళ్ళు అడిగినా ఇచ్చేవారు. ఆలోచించి చెబుతానన్నాను.

ఇంటికొచ్చి మా ఆవిడ కినుయోతో చెబితే, “ఇచ్చెయ్యరాదూ. మీతోపాటు కాటికి పట్టుకుపోతారా ఏంటి?” అంది ముల్లంగి తరుగుతూ.

పట్టుకుపోదామనే అనుకున్నాను. ఆ సంగతి ఈ పుస్తకంలో తప్ప ఎక్కడా అనలేను. నాతో ఈ కథ అయిపోతుందని ధీమాగా ఉన్నాను. హినగికుకి ఇస్తే ఆమె ఇంకో నలభై ఏళ్ళు చెబుతుంది. తరవాత ఆమె శిష్యులు చెబుతారు. నేను పోయిన వందేళ్ళకి కూడా ఆ తమ్ముడు ఏదో ఒక ఊళ్ళో, ఏదో ఒక హాల్లో, ఆ వంతెన దగ్గర నిలబడే ఉంటాడు. వాణ్ణి చూసి జనం నవ్వుతూనే ఉంటారు.

నవంబరు 7

నిద్ర లేదు.

నవంబరు 9

కథలో తమ్ముడు మా మికియోనే. ఇందులో దాచిందేమీ లేదు. పత్రికలవాళ్ళు అడిగినప్పుడల్లా చెప్పాను. మాది చోషి రేవు. నాన్న పడవతోపాటు పోయాడు, అమ్మ చేపల్ని డబ్బాలకెత్తే ఫ్యాక్టరీలో పనిచేసేది. మికియో నాకన్నా నాలుగేళ్ళు చిన్న. మనిషి మొహం చూడడు, కాలరు చూసి మాట్లాడతాడు. సాయంత్రం నాలుగింటికి రేడియోలో ఓడలవాళ్ళ కోసం వాతావరణం చదువుతారే, అది రోజూ నోటుబుక్కులో ఎక్కించేవాడు. ఏ దీవిలో గాలి ఎటు, ఎంత జోరు, ఆకాశం ఎలా ఉంది. మా ఇంట్లో పడవ లేకపోయాక కూడా రాసేవాడు. అన్నంలో కూర తగిలితే ఆ పూటకి పస్తే. అడిగినదానికి అడిగినంతే జవాబు. ఊళ్ళో వాణ్ణి మొద్దు అనేవాళ్ళు. నేనూ అన్నాను.

పదిహేనో ఏట జలుబు చేసి పోయాడు. ఆ ఏడు చలి ఎక్కువ.

నవంబరు 13

ఒప్పుకున్నాను. ఇవాళ మొదటిసారి చెప్పాను.

గురువు మూడు వేర్వేరు రోజుల్లో మూడుసార్లు చెబుతాడు. నేర్చుకునేవాళ్ళు ఎదురుగా చాప మీద కూచుని వింటారు. కాగితం ఉండదు, రికార్డింగ్ ఉండదు, నవ్వడం అసలే ఉండదు. తరవాత వాళ్ళే సాధన చేసుకుని వచ్చి గురువు ముందు ఒప్పజెబుతారు. సరే అంటేనే జనం ముందు చెప్పాలి. నేను నేర్చిందీ ఇలాగే, నేర్పిందీ ఇలాగే. కానీ ఈ కథ ఇంతవరకూ జనానికి తప్ప ఒక్క మనిషికి చెప్పలేదు.

హినగికు మర్యాద తెలిసిన పిల్ల. పెద్దవాళ్ళ కళ్ళలోకి చూడకూడదని నా మెడ కింద చూపు నిలిపింది. మికియో చూపు నిలిచేదీ అక్కడే.

అన్న ఒక మధ్యాహ్నం తమ్ముణ్ణి వంతెన మొదట్లో నిలబెట్టి, “నేనొచ్చేదాకా ఇక్కడే ఉండు, కదలకు” అని వెళ్ళిపోతాడు. నూడుల్స్ బండివాడు వస్తాడు.

“ఏం బాబూ, ఆకలిగా ఉందా?”

“ఉంది.”

“తింటావా?”

“తింటాను.”

“అయితే రా.”

“రాను.”

ఇక్కడ హాలు గొల్లుమంటుంది. ఇవాళ గోడ గడియారం చప్పుడు వినబడింది. గస్తీవాడు వచ్చాడు.

“ఇక్కడేం చేస్తున్నావోయ్?”

“నిలబడ్డాను.”

“అది కనబడుతూనే ఉంది. ఎందుకు నిలబడ్డావ్?”

“అన్న ఉండమన్నాడు.”

“మీ అన్న ఎక్కడ?”

“ఇక్కడ లేడు.”

“వాన పడుతోందయ్యా!”

“అవును. ఈశాన్యం గాలి.”

“గొడుగు ఇమ్మంటావా?”

“వద్దు.”

“ఏం?”

“చప్పుడు.”

మూడు రోజుల తరవాత అన్న వేరే పని మీద అటుగా వచ్చి, “ఓరి నీ! ఇంకా ఇక్కడే ఉన్నావా?” అంటాడు. తమ్ముడు, “నువ్వు రాలేదుగా” అంటాడు. కథ అయిపోతుంది, నేను వంగి దండం పెడతాను, వెనక డోలు మోగుతుంది.

ఇవాళ డోలు లేదు. హినగికు దండం పెట్టి, కాస్త ఆగి, “ఒక్క మాటండీ. ఈయన మొద్దు కాదు కదా?” అంది.

“మొద్దు కాకపోతే ఏమిటి?”

“అన్నీ సరైన జవాబులే చెబుతున్నాడు కదండీ. ప్రశ్నలే వంకరగా ఉన్నాయి.” తరవాత మెల్లిగా చెప్పింది. “మా అమ్మాయి మియోరి ఇంతేనండీ. తొమ్మిదేళ్ళు. ఆటిజం అన్నారు డాక్టరు. మీ కథ రికార్డు స్కూలు నుంచి రాగానే వింటుంది, రోజూ. ఈ మామయ్య నాలాంటివాడు అంటుంది. ఒక్కసారి కూడా నవ్వదు.”

“కథలో మనిషికి జబ్బేమిటమ్మాయ్? మన కథల్లో వాళ్ళకి డాక్టర్లు లేరు. వాడు మొద్దు, అంతే. ముందు మొద్దును మొద్దులా చెప్పడం నేర్చుకో” అన్నాను. గొంతు పెద్దదైనట్టుంది, కినుయో వంటింట్లోంచి తొంగిచూసింది.

నవంబరు 14

నిన్న హినగికు పోతూ పోతూ గుమ్మం దగ్గర చెప్పుల అలమారా మీద సన్న పుస్తకం ఒకటి వదిలిపోయింది. ఆటిజం గురించి బడిలో తల్లిదండ్రులకి ఇచ్చేది. నేను చదవను.

నవంబరు 15

చదివాను. నాలుగో పేజీలో మా ఇంటి వంటగది ఉంది. ఏడో పేజీలో రేడియో. రాసినవాళ్ళు చోషి వచ్చి మా అటక మీద దాక్కుని చూసినట్టు ఉంది. చప్పుళ్ళ గురించి కూడా రాశారు. గొడుగు మీద వాన పడితే ఆ మోత మికియో భరించలేకపోయేవాడు. చెవులు మూసుకుని గొడుగు వదిలేసేవాడు. అమ్మ కొట్టేది. నేను నవ్వేవాణ్ణి.

నవంబరు 19

సాయంత్రం ఆటలో ‘చెప్పుల కాపలా’ చెప్పాను. అందులో మొద్దును స్నానశాల ముందు కూచోబెట్టి, ఎవరడిగినా ఇవ్వొద్దంటారు. వాడు యజమాని చెప్పులు యజమానికే ఇవ్వడు. నా తరవాత ఒక కుర్రాడు పెళ్ళిచూపుల కథ చెప్పాడు. అందులో పిల్ల తండ్రి, “మొహమాటం వద్దు, ఏమైనా అడగండి” అంటే పెళ్ళికొడుకు మీ ఇంటి మీద పెంకులెన్ని అని అడుగుతాడు. జనం ఒకటే నవ్వు. నేను తెర పక్కన నిలబడి వింటున్నాను. ఈ వృత్తిలోకి వచ్చి నలభై మూడేళ్ళు. ఎన్ని మొద్దు వేషాలు వేశాను! నోరు కాస్త తెరిచి, రెప్పలు వేలాడేసి, గొంతు సాగదీస్తే మొద్దు తయారు. అలా నోరు తెరిచే మికియోని నేనెప్పుడైనా చూశానా? లేదు. వాడి నోరు ఎప్పుడూ గట్టిగా మూసే ఉండేది. ఆ వంకర మొహం నేను వాడికి తగిలించింది.

ఈ కథలన్నీ ఎవడో ఒక అన్న కట్టినవే అయి ఉంటాయి. ఇవాళ ఆ ఊహ వదలడం లేదు.

నవంబరు 20

నాలుగింటికి కినుయో రేడియో పెట్టింది. దక్షిణ దీవుల్లో ఈశాన్యం గాలి, జోరు నాలుగు, వాన. కట్టేశాను.

“బట్టలు ఆరేశానండీ, వింటే మీకేం పోయింది?” అంది.

నవంబరు 21

వేదిక మీద ఎడమ పక్కన ఎవరో నిలబడ్డట్టు ఉంది. మా పనిలో పెద్దవాళ్ళ మాటకి ఒకవైపు, చిన్నవాళ్ళ మాటకి ఇంకోవైపు మొహం తిప్పాలి. తిప్పినప్పుడల్లా అక్కడ ఒక కాలరు తడిగా కనబడుతోంది. వయసు మీద పడుతోంది, కళ్ళు చూపించుకోవాలి.

నవంబరు 27

రెండోసారి. గస్తీవాడి దాకా వచ్చి ఆగిపోయాను. “గొడుగు ఇమ్మంటావా” అన్నాక తమ్ముడి వైపు తిరగాలి. మెడ తిరగలేదు.

“గొంతు పట్టేసింది. ఇవాళ్టికి చాలు” అన్నాను.

హినగికు లేచి టీ పోసి ఇచ్చింది. అబద్ధమని ఆమెకీ తెలుసు. “మియోరి ఒకసారి వస్తానంటోందండీ. ఏదో అడగాలట” అంది.

“ఏమిటట?”

“నాకు చెప్పదండీ. కథ చెప్పినాయన్నే అడగాలంటుంది.”

వద్దందామనుకున్నాను. మూడోసారికి తీసుకురమ్మన్నాను. మూడోసారి చెప్పేలోపు ఈ కథ ఇవ్వాలో వద్దో తేల్చుకోవాలి. ఇవ్వకపోతే వాడు నాతో పోతాడు, ఇక ఎవరూ నవ్వరు. అదే మంచిదేమో.

కానీ పూర్తిగా పోతాడు. వాడి మాటలు ఈ లోకంలో ఆ కథలో తప్ప ఇంకెక్కడా లేవు.

డిసెంబరు 2

మికియోది జలుబు కాదు.

రాస్తాను. ఒకసారి రాసేస్తే పోతుందేమో.

ఫిబ్రవరి. నాకు పందొమ్మిది. శిష్యుడిగా చేర్చుకోమని రిన్‌పెయ్‌గారిని అడగడానికి టోక్యో వచ్చాను. అమ్మకి పగలూ రాత్రీ పని, మికియోని ఒక్కణ్ణే వదల్లేక వెంట తెచ్చాను. ఆయన కథలు చెప్పే హాలు వెనక చిన్న కాలవ, దాని మీద వంతెన. ఇప్పుడు ఆ కాలవ పూడ్చేశారు. వాణ్ణి తీసుకుని లోపలికి వెళ్తే ఏం మాట్లాడతాడో అని సిగ్గుపడ్డాను. ఇదే నిజం. వాణ్ణి వంతెన మొదట్లో నిలబెట్టి, “నేనొచ్చేదాకా ఇక్కడే ఉండు, కదలకు” అన్నాను. అప్పుడు మధ్యాహ్నం ఒంటిగంట.

గురువుగారు మొహం కూడా చూడకుండా, “సరే, ఆ సంచీ పట్టుకో” అన్నారు. నన్ను తీసుకున్నారన్నమాట! కాళ్ళు నేల మీద నిలవలేదు. ఆ క్షణం నుంచి నేను శిష్యుణ్ణి. అడిగితే తప్ప శిష్యుడు నోరు విప్పకూడదు. సొంత పని ఉందనకూడదు. సంచీ పట్టుకుని ఆయన వెంట రెండో హాలుకు, అక్కణ్ణించి మూడో హాలుకు వెళ్ళాను. కిమోనోలు మడతపెట్టాను, టీ కలిపాను, చెప్పులు సర్దాను. బయట వాన మొదలైంది. సాయంత్రం అది మంచుతో కలిసిన వాన అయింది. నాకు తెలుసు. చెప్పులు తుడుస్తుంటే గుర్తొచ్చింది, టీ పోస్తుంటే గుర్తొచ్చింది. వాడే ఎక్కడో చూరు కిందకి పోయి ఉంటాడులే అనుకున్నాను. వాడు పోడని నాకు కాక ఇంకెవరికి తెలుసు? ఆ రాత్రి గురువుగారింట్లో నడవాలో పడుకోమన్నారు, పడుకున్నాను. నిద్ర కూడా పట్టింది.

ఒక్క మాట చెప్పి ఉంటే ఆయన, “వెధవా, ముందు పోయి తీసుకురా” అని చెప్పు తీసుకుని కొట్టేవారు. అలాంటి మనిషి. మర్యాద అని ఆ మాట నేనే మింగాను, మింగమని ఆయనెప్పుడూ అడగలేదు.

పొద్దున ఆరింటికి పరిగెత్తాను. వాడు అక్కడే ఉన్నాడు. నేను నిలబెట్టిన చోటే. రోడ్డుకి అవతల మూసేసిన చెప్పుల కొట్టుంది, దానికి పెద్ద చూరుంది. నాలుగు అడుగులు. వాడు కదల్లేదు. నా కాలరు వైపు చూసి, “నువ్వు రాలేదుగా” అన్నాడు. కోపంగా కాదు. అది నిజం కాబట్టి అన్నాడు.

పన్నెండు రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి అక్కడే పోయాడు.

ఆ వీధి పోలీసు ఆస్పత్రికి వచ్చాడు, మంచివాడు. “అడిగానండీ, రెండుసార్లు అడిగాను. ఇబ్బందేమైనా ఉందా అంటే లేదన్నాడు. గొడుగు ఇమ్మంటావా అంటే వద్దన్నాడు. ఎందుకంటే చప్పుడన్నాడు. నాకర్థం కాలేదు” అని టోపీ నలుపుతూ ఏడ్చాడు. నూడుల్స్ బండాయన చెప్పిందీ అంతే. నా కథలో నేను కల్పించింది ఒక్క మాటా లేదు. అన్నీ వాళ్ళు చెప్పినవే. మూడు రోజులన్నదీ, అన్న వేరే పని మీద వచ్చాడన్నదీ మాత్రం నావి.

అమ్మ, “నీ తప్పు కాదురా” అంది. డాక్టరు, “మీ తప్పేం లేదు” అన్నాడు. సంగతి తెలిశాక గురువుగారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోనాడు, “నీ తప్పు కాదులే. నవ్వించలేకపోతే జన్మంతా ఏడుస్తావు. దాన్ని కథ చెయ్యి” అన్నారు. మూడేళ్ళకి చేశాను. మొదటిసారి చెప్పినప్పుడు హాలు దద్దరిల్లింది. ఆ రాత్రి గురువుగారు నాకు స్వయంగా సాకే సారా పోశారు.

డిసెంబరు 3

నిన్నటి పేజీలు చింపుదామనుకున్నాను.

డిసెంబరు 11

మూడోసారి.

మియోరి చప్పుడు తగ్గించే పెద్ద మూతలు చెవులకి తగిలించుకుని వచ్చింది. లోపలికి రాగానే చెప్పుల అలమారా పక్కన కూచుంది. “ఇటు రా తల్లీ, దిండు వేశాను” అని కినుయో పిలిస్తే, “ఇక్కడ బాగుంది” అంది. నిజంగానే అక్కడే బాగుందేమో, కదలకుండా విన్నది.

చెప్పాను. ఈసారి నోరు వంకర తిప్పలేదు, గొంతు సాగదీయలేదు. వాడి మాటలు వాడి గొంతుతో చెప్పాను, ఎన్నేళ్ళకో. చివర “నువ్వు రాలేదుగా” దాకా వెళ్ళి ఆగాను. వంగి దండం పెట్టాలి, పెట్టలేకపోయాను.

“ఒక ప్రశ్న ఉంది” అంది మియోరి. లేచి వచ్చి, చెవుల మూతలు తీసి చేత్తో పట్టుకుని, నా మెడ కింద చూస్తూ నిలబడింది.

“అడుగు.”

“అన్న మధ్యాహ్నం వెళ్ళాడని చెప్పారు. మూడు రోజుల తరవాత ఎన్ని గంటలకి వచ్చాడో చెప్పలేదు.”

నలభై ఏళ్ళలో ఎవరూ ఇది అడగలేదు. నోటికి అబద్ధం దొరకలేదు. “మూడు రోజులు కాదమ్మా. ఒంటిగంటకి వెళ్ళి మర్నాడు పొద్దున్న ఆరింటికి వచ్చాడు” అన్నాను.

“అయితే కథలో తప్పు ఉంది.”

“ఉంది.”

“ఎందుకు అలా చెప్పారు?”

“మూడు రోజులంటే ఎవరూ నమ్మరు. నమ్మకపోతే నవ్వొచ్చు.”

“తమ్ముడికి జ్వరం వచ్చిందా?”

“వచ్చింది.”

“తగ్గిందా?”

“తగ్గలేదు. చచ్చిపోయాడు.”

“మియోరీ, ఇక చాలమ్మా” అని హినగికు చెయ్యి పట్టుకోబోయింది. పిల్ల చెయ్యి వెనక్కి లాక్కుంది.

“ఉండమన్నది ఎవరు?”

“నేను.”

“వస్తానని రానిది?”

“నేనే.”

“అయితే తప్పు మీది” అంది.

హినగికు నుదురు చాపకి కొట్టుకునేంత వంగి, “క్షమించండి గురువుగారూ, దీనికి ఏ మాట ఎక్కడ అనాలో తెలియదు, క్షమించండి” అంటూనే ఉంది.

“లే అమ్మాయ్. సరిగ్గానే అంది” అన్నాను.

అంతలో నాకు ఏడుపొచ్చింది. అరవై రెండేళ్ళవాణ్ణి, పరాయివాళ్ళ ముందు చిన్నపిల్లాడిలా ఏడ్చాను. తప్పు నీదని అమ్మ అనలేదు, గురువు అనలేదు, డాక్టరు అనలేదు, పోలీసు అనలేదు. అందరూ దయగలవాళ్ళు. ఆ దయ అడ్డం పడి ఇన్నేళ్ళూ నేను వాడికి ఒక్క మాట చెప్పుకోలేకపోయాను. తప్పు కాదన్నాక క్షమించమని ఎలా అడగను?

మియోరి నా వైపు చూడకుండా పళ్ళెంలోంచి ఒక నారింజ తీసుకుంది. కినుయో ఒలిచి ఇవ్వబోతే, “మీరు తెల్ల పీచు తీసేస్తారు. నేనే ఒలుచుకుంటాను” అని మళ్ళీ అలమారా పక్కకి పోయింది.

వాళ్ళు వెళ్ళేముందు హినగికు, “మరి కథ చివర ఎలా చెప్పమంటారండీ?” అని అడిగింది.

“నాకు తెలిస్తే నలభై ఏళ్ళు ఇలా ఎందుకు చెబుతాను? నువ్వే చూసి పట్టుకురా. వాడి మొహం మాత్రం వంకర పెట్టకు” అన్నాను.

డిసెంబరు 12

పడుకున్నాను. తొమ్మిది గంటలు.

కినుయోకి అన్నీ చెప్పాను. నిన్న వంటింట్లోకీ గదిలోకీ తిరుగుతూ సగం వినే ఉంది. తరవాత, “ఫిబ్రవరిలో వాన పడితే మీరు గొడుగు ఇంట్లో పెట్టి ఎందుకు పోతారా అని ముప్ఫై ఏళ్ళుగా తిడుతున్నాను. ఒక్కసారి చెబితే నోరు అరిగిపోయేదా?” అంది. తిట్టిందే గాని కళ్ళు ఎర్రబడ్డాయి.

డిసెంబరు 29

ఇవాళ హాల్లో వాళ్ళు ‘వంతెన తమ్ముడు’ అడిగారు. వేరే కథ చెప్పాను. నవ్వారు, కాస్త తక్కువగా.

ఎడమ పక్కన ఇంకా ఉన్నాడు. పోతాడనుకోను.

జనవరి 22

హినగికు ఒప్పజెప్పడానికి వచ్చింది. చాప మీద ఎదురెదురుగా కూచున్నాం. ఆమె చెప్పాలి, నేను వినాలి. నవ్వకూడనిది ఇప్పుడు నేను.

బాగా చెప్పింది. అసూయ కలిగేంత బాగా. తమ్ముడు మాట్లాడేటప్పుడు నోరు గట్టిగా మూసి, జవాబుకి ముందు ఒక్క క్షణం ఆగి, నా మెడ కింద చూస్తుంది. ఈ పిల్ల మికియోని చూడలేదు. ఇంట్లో రోజూ చూస్తున్న మొహం అది. నూడుల్స్ బండివాడి దగ్గర నాకే నవ్వు వచ్చి నాలిక కరుచుకున్నాను. వాణ్ణి చూసి రాలేదు ఆ నవ్వు, బండివాడి అవస్థ చూసి వచ్చింది. గస్తీవాడి దగ్గర తల దించుకున్నాను.

చివర అన్న వస్తాడు. ఇక్కడ ఆమె పక్కకి తిరగాలి. తిరగలేదు. తిన్నగా నన్నే చూసింది.

“నిన్న ఒంటిగంటకి ఉండమన్నాను. ఇవాళ ఆరింటికి వచ్చాను. పదిహేడు గంటలు. తప్పు నాదిరా” అని రెండు చేతులూ చాప మీద పెట్టి నుదురు ఆనించింది.

అలాగే ఉండిపోయింది. అది మా నియమం. గురువు ఔననో కాదనో అనేదాకా తల ఎత్తకూడదు. నేను ఏదో ఒకటి అనాలి. కానీ కథలో తమ్ముడు నిలబడేది ఎక్కడో, నేను కూచున్నది అక్కడే. వాడైతే ఏమంటాడు? పరవాలేదు అనడు. పరవా ఉంది కాబట్టి అనడు గాక అనడు. పరవాలేనిది ఏదో, పరవా ఉన్నది ఏదో వాడికి తెలుసు.

“అవును” అన్నాను.

హినగికు తల ఎత్తింది. “పదిహేడు గంటలని చెప్పమన్నది మియోరేనండీ. లెక్క తప్పితే ఊరుకోనంది. కానీ అక్కడ జనం నవ్వరేమో.”

“నవ్వకపోతే పోనీ. జనం ముందు చెప్పుకో” అన్నాను.

ఇచ్చేశాను. నేను పోయాక ఆమె చెబుతుంది, ఆమె తరవాత ఇంకెవరో చెబుతారు. మికియో ఆ వానలో అలాగే నిలబడి ఉంటాడు, అది నేను మార్చలేను. చెప్పినప్పుడల్లా ఎవరో ఒక అన్న పొద్దున్నే వాడి దగ్గరికి పరిగెత్తుకెళ్ళి, నేల మీద తల పెట్టి, తప్పు నాదిరా అంటాడు.